ఒక బ్యాచ్ మగ్గులు: మట్టి ముద్ద దగ్గర్నుంచి కిల్న్ తెరిచేదాకా

మగ్గు చేయడం నేర్పమంటే అందరూ ముందు వీల్ (కుమ్మరి చక్రం) గురించే అడుగుతారు, కానీ రోజూ స్టూడియోలో పని చేసేవాళ్ళకి వీల్ ముందు గడిచేది మొత్తం పనిలో చిన్న ముక్కే. మిగతా టైమంతా మట్టి పిసకడం, ముద్దలు తూకం వేయడం, పాలిథీన్ కప్పడం, మళ్ళీ తీయడం, గ్లేజ్ (మగ్గు మీద వేసే గాజు పూత) వడకట్టడం, కిల్న్ (మట్టి పాత్రలు కాల్చే కొలిమి) షెల్ఫులు గీకడం, నేల తడిగుడ్డతో తుడవడం, వీటికే పోతుంది. పనితనం ఏడాది రెండేళ్ళలో వచ్చేస్తుంది. మట్టిలో ఇప్పుడు తడి ఎంత ఉంది, రేపు పొద్దున్నకి ఎంత మిగులుతుంది అనేది చేతికి తెలియడానికే చాలా ఏళ్ళు పడుతుంది, నన్నడిగితే ఈ పనిలో సగానికి పైగా ఈ తడి లెక్కే.

అందుకని 20 మగ్గుల బ్యాచ్ ఒకటి పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చెప్పుకుంటూ పోతాను. ఒక్కో మగ్గు విడివిడిగా చేసుకోవద్దు, ఎప్పుడూ బ్యాచ్‌గానే చేయండి, ఎందుకంటే ఒకే రోజు ఒకే మట్టితో చేసినవి దాదాపు ఒకేలా ఆరతాయి, ఒకేసారి ట్రిమ్మింగ్‌కి (అడుగున ఎక్కువున్న మట్టి చెక్కేయడానికి) వస్తాయి, ఒకేసారి హ్యాండిల్స్ పెట్టుకోవచ్చు, ఎక్కడైనా తేడా కొడితే దేనివల్ల కొట్టిందో పట్టుకోవడం కూడా తేలిక.

1. వీల్ ఎక్కకముందే మట్టికి రెండు పరీక్షలు

కొత్త మట్టి బస్తా తెరిచినప్పుడల్లా, పాత రకమే అయినా సరే, ఒక బిళ్ళ చేసి పక్కన పెట్టండి. 14 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 1 మందం చాలు. పచ్చిగా ఉన్నప్పుడే దాని మీద కత్తితో కచ్చితంగా 10 సెంటీమీటర్ల గీత గీయండి. గ్లేజ్ టెంపరేచర్‌కి కాల్చాక ఆ గీత 8.8 అయితే మీ మట్టి 12 శాతం కుదించుకుంటోందని లెక్క. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే రకం) మట్టి మామూలుగా 10 నుంచి 13 శాతం దాకా కుదించుకుంటుంది. ఇది చిన్న నంబర్‌లా కనిపిస్తుంది గానీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడింట్లోనూ తగ్గుతుంది కదా, కాబట్టి కాల్చాక 350 మి.లీ. పట్టే మగ్గు కావాలంటే పచ్చిమీద 510 మి.లీ. పైనే పట్టాలి. చేసినప్పుడు పెద్దగా ఉంది అనిపించిన మగ్గు కిల్న్‌లోంచి బుల్లిగా రావడానికి కారణం ఇదే.

రెండోది నీళ్ళు పీల్చే పరీక్ష. కాలిన ఆ బిళ్ళనే, గ్లేజ్ వేయకుండా, కిల్న్‌లోంచి తీయగానే తూకం వేయండి. తర్వాత 5 గంటలు నీళ్ళలో మరగబెట్టి, అదే నీళ్ళలో రాత్రంతా ఉంచి, పైతడి తుడిచి మళ్ళీ తూయండి. 100 గ్రాములది 102 అయితే 2 శాతం పీల్చినట్టు. రోజూ వాడే స్టోన్‌వేర్ మగ్గుకి అంతకన్నా తక్కువ రావాలి, 1 శాతం లోపుంటే ఇంకా మంచిది. ఎక్కువ పీల్చే మట్టయితే మగ్గు పెట్టినచోట బల్ల మీద తడి మరక పడుతుంది, మైక్రోవేవ్‌లో పెడితే మట్టి లోపల దాక్కున్న నీళ్ళు వేడెక్కి హ్యాండిల్ చేతిని కాలుస్తుంది. బస్తా మీద ఏం రాసున్నా సరే, మీ కిల్న్‌లో మీ ఫైరింగ్‌కి వచ్చిన నంబరే మీకు నిజం.

2. పిసకడం, తూకం

బస్తాలోంచి తీసిన మట్టి ఎంత మెత్తగా ఉన్నా పిసకాల్సిందే. పొద్దున్నే ముందు ఈ పని పెట్టుకోండి, ఒంటికి కూడా వేడి పుడుతుంది. బల్ల ఎత్తు తొడ పైభాగం దాకా ఉండాలి, అంతకన్నా ఎక్కువైతే భుజాలతో తోస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అరచేతి మడమతో కిందికి, ముందుకి తోసి, వెనక్కి దొర్లించి, మళ్ళీ తోయండి, బలం నడుం ఊపులోంచి రావాలి. మధ్యమధ్యలో తీగతో అడ్డంగా కోసి చూడండి, కోసిన ముఖం మీద చిన్న చిల్లులు గానీ, గట్టి మెత్త చారలు గానీ కనపడితే ఇంకా అవ్వలేదు. వీల్ మీద ముద్ద ఎగరడానికి చాలాసార్లు ఆ చారలే కారణం, పాపం మన చేతుల తప్పు కాదు.

పాత తుక్కు మట్టి కలిపేటప్పుడు ప్లాస్టర్ పలక మీద ఆరబెడతాం కదా, అక్కడ ఒక జాగ్రత్త. ఇనప గీకుడు సాధనంతో ఆ పలకని గీకొద్దు. ప్లాస్టర్ పెచ్చు ఒకటి మట్టిలో కలిస్తే కాలిన తర్వాత తేమ పీల్చి ఉబ్బి, ఎప్పుడో ఒకరోజు మగ్గు పక్కనుంచి గవ్వంత పెచ్చు ఊడగొడుతుంది.

350 మి.లీ. మగ్గుకి 400 నుంచి 450 గ్రాముల ముద్ద సరిపోతుంది, హ్యాండిల్ మట్టి వేరే. 20కి 22 ముద్దలు చేసుకోండి, తూకం వేసి, ఉండ చుట్టి, తడిగుడ్డ కింద పెట్టండి.

3. వీల్ మీద

దీని గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను గట్టిగా నమ్మేవి మాత్రం చెప్తాను.

సెంటర్ చేసేటప్పుడు చెయ్యి మట్టి వెంట పోకూడదు. ఎడమ మోచెయ్యి తొడకో పొట్టకో గట్టిగా ఆనించి కదలకుండా ఉంచితే మట్టే వచ్చి ఆ చేతికి సర్దుకుంటుంది. ఈ దశలో వీల్ వేగంగా ఉండాలి, గోడలు లేచేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. చెయ్యి తీసేటప్పుడు కూడా నిదానంగా తీయండి, టక్కున వదిలితే అప్పటిదాకా పడ్డ కష్టం పోతుంది.

ముద్ద తెరిచాక అడుగు మందం సూదితో గుచ్చి చూసుకోండి, 6 నుంచి 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు చాలామంది వదిలేసే పని ఒకటుంది: అడుగుని రిబ్‌తో (చేతిలో పట్టే చిన్న పలక) మధ్యలోంచి అంచుకి, అంచులోంచి మధ్యకి నాలుగైదుసార్లు గట్టిగా అదమాలి. గోడలు లాగేటప్పుడు వాటిలో రేణువులు ఒత్తుకుని సర్దుకుంటాయి, అడుగు మధ్యలో ఆ ఒత్తిడి పడదు, అందుకని ఆరేటప్పుడు అది ఎక్కువ కుదించుకుని ఎస్ ఆకారంలో పగులుతుంది. లోపల నీళ్ళ గుంట వదిలేస్తే ఆ పగులు ఇంకా ఖాయం. ప్రతి మగ్గు దించేముందు కర్రకి కట్టిన స్పాంజ్‌తో అడుగు నీళ్ళు తీసేయండి, ఇది అలవాటైపోవాలి.

మూడు లాగుళ్ళలో గోడ లేపండి. అంతకన్నా ఎక్కువసార్లు లాగితే మట్టి నీళ్ళు తాగి మెత్తబడి కూలుతుంది. ప్రతి లాగుడు తర్వాత అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మూడో వేలితో పైనుంచి నొక్కండి, చివర్లో పల్చటి పాలిథీన్ ముక్క అంచు మీద ఆనించి తిప్పితే పెదవికి తగిలే చోటు నున్నగా గుండ్రంగా వస్తుంది. కొలతకి స్కేలు ఎందుకు, వీల్ పక్కన ఒక పుల్లని ముద్ద మట్టిలో గుచ్చి దాని కొస అంచు ఎక్కడికి రావాలో అక్కడ నిలబెట్టండి, 20 మగ్గులూ ఆ కొసకే వస్తాయి.

4. ఆగడం

అసలు పని ఇక్కడే ఉంది. దించిన మగ్గులో ఇంకా పాతిక శాతం దగ్గర నీళ్ళు ఉంటాయి, అవన్నీ నిదానంగా, అన్ని వైపుల్నుంచీ ఒకేలా పోవాలి. కానీ అంచు పల్చన, పైగా గాలి తగిలేది దానికే, ముందు అదే ఆరిపోతుంది. అడుగు మందం, పైగా పలకకి అంటుకుని ఉంటుంది, అది చివర్న ఆరుతుంది. ముందు ఆరినది కుదించుకుపోయి ఆగిపోతే, తర్వాత ఆరేది దాన్ని లాగుతుంది, అక్కడ వంపో పగులో వస్తుంది. కాబట్టి మన పనంతా అంచుని ఆపడం, అడుగుకి గాలి ఇవ్వడం.

అంచు ముట్టుకుంటే వేలి ముద్ర పడకుండా అయ్యేదాకా వదిలేయండి, ఆ వెంటనే మగ్గుని బోర్లించండి. బోర్లించాక పైన పల్చటి పాలిథీన్ వదులుగా కప్పండి, కింద న్యూస్‌పేపర్ వేస్తే మగ్గు కుదించుకునేటప్పుడు కాగితంతో పాటు జరుగుతుంది, పలకకి పట్టుకుని ఉండిపోదు. ఫ్యాన్ కింద, కిటికీ పక్కన పెట్టొద్దు, ఒకవైపు గాలి తగిలిన మగ్గు అటువైపే వంగుతుంది, ఆ వంకర పచ్చిగా ఉన్నప్పుడు సరిచేసినట్టే అనిపిస్తుంది గానీ కిల్న్‌లో మళ్ళీ బయటపడుతుంది. మట్టికి జ్ఞాపకం ఉంటుంది, పోర్సిలీన్ (పింగాణీ) మట్టికైతే మరీను.

ట్రిమ్మింగ్‌కి రెడీ అయిన మగ్గుని చేత్తో పట్టుకుని నెమ్మదిగా నొక్కితే వంగదు, గోరు గుచ్చితే మాత్రం గీత పడుతుంది. దీన్నే లెదర్ హార్డ్ అంటాం. ఈ దశ ఎంతసేపు ఉంటుందో వాతావరణం చెప్తుంది, పొడి రోజుల్లో కొన్ని గంటలే, ముసురు రోజుల్లో రెండు మూడు రోజులు. వేరే పని మీద బయటికి పోవాల్సి వస్తే ఆ దశలోనే ఆపడానికి ఒక ఏర్పాటు ఉంది: మూత గట్టిగా పడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని అడుగున మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన ప్లాస్టర్ పోసి గట్టిపడనివ్వండి. ఆ ప్లాస్టర్‌ని నీళ్ళతో తడిపి, పైన నిలిచిన నీళ్ళు ఒంపేసి, మగ్గులు లోపల పెట్టి మూత వేస్తే వారాల తరబడి లెదర్ హార్డ్‌గానే ఉంటాయి. ఒంటరిగా పని చేసేవాళ్ళకి స్టూడియోలో దీనికి మించిన సాయం లేదు.

5. ట్రిమ్మింగ్, హ్యాండిల్

ట్రిమ్మింగ్‌లో తీగలు తీగలుగా మట్టి లేస్తుంటే తడి సరిగ్గా ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే ఆలస్యమైంది, పనిముట్టుకి జిగటగా అంటుకుంటే తొందరపడ్డారు. ఎంత తీయాలో తెలియనప్పుడు అడుగుని వేలితో తట్టి వినండి, మందంగా ఉన్నప్పుడు ముద్దగా మోగే చప్పుడు పల్చబడేకొద్దీ మారుతుంది.

హ్యాండిల్ మట్టిని మగ్గు మట్టికన్నా కొంచెం గట్టిగా పిసికి, ముల్లంగి ఆకారంలో చేసి ఎడమచేత్తో పైకి పట్టుకోండి. కుడిచెయ్యి బాగా తడిపి, బొటనవేలు చూపుడువేలు కలిపి రింగులా చేసి, పాలు పితికినట్టు పైనుంచి కిందికి మెత్తగా లాగుతూ రండి. ప్రతిసారీ చెయ్యి తడపాలి, చెయ్యి ఆరిపోతే మట్టి పట్టేసి తెగుతుంది. ఒకవైపే లాగితే పక్కకి తిరిగిపోతుంది, కాబట్టి మధ్యమధ్యలో చెయ్యి అటువైపు మార్చండి. కోరిన మందం వచ్చాక బొటనవేలితో మధ్యలో చిన్న పల్లం తీస్తే పట్టుకోవడానికి హాయిగా ఉంటుంది. ఇలా 20 లాగి బల్ల అంచుకి వేలాడదీసి, కాస్త గట్టిపడ్డాక కోసుకోండి.

అతికించేచోట రెండువైపులా సూదితో గీతలు పెట్టి, అదే మట్టితో చేసిన చిక్కటి స్లిప్ (నీళ్ళలో కలిపిన మట్టి) రాసి, కొంచెం కదిలిస్తూ నొక్కండి, స్లిప్ పక్కనుంచి బయటికి రావాలి. ఎంత బాగా అతికించినా మగ్గు, హ్యాండిల్ తడిలో తేడా ఉంటే మాత్రం పగులుతుంది. అందుకే అతికించాక అన్నిటినీ కలిపి ఒక రాత్రి పూర్తిగా పాలిథీన్ కింద పెట్టేయండి, తడి అటూ ఇటూ సర్దుకుంటుంది. ఆ తర్వాతే రోజుకి కొంచెం తెరుస్తూ ఆరబెట్టండి. హ్యాండిల్ పల్చన కాబట్టి తొందరగా ఆరుతుంది, దాని మీద కొంచెం మైనం ద్రావణం రాస్తే నెమ్మదిస్తుంది.

దుమ్ము గురించి, పని మధ్యలోనే

ట్రిమ్మింగ్ తుక్కు నేల మీద ఆరిపోయి కాళ్ళ కింద నలిగితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనపడని సన్నటి రేణువులే ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి, ఏళ్ళ తరబడి పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. పొడి చీపురు స్టూడియోలో ఉండకూడదు. తడి స్పాంజ్, తడి మాప్, అంతే. గ్లేజ్ పొడులు తూచేటప్పుడు ముఖానికి సరిగ్గా పట్టే ఎన్95 గానీ అంతకన్నా మంచి పీ100 రెస్పిరేటర్ గానీ పెట్టుకోండి, గుడ్డ మాస్క్ దీనికి పనికిరాదు. ఏప్రాన్ దులపకుండా ఉతకండి. మంచి పనితనం ఉన్నవాళ్ళు దగ్గుతో పని మానుకోవాల్సి రావడం కన్నా బాధ ఇంకోటి లేదు, దయచేసి దీన్ని తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

6. బిస్క్ (గ్లేజ్ వేయకముందు మొదటి ఫైరింగ్)

మగ్గు ఆరిందా లేదా అన్నది రంగుతో పూర్తిగా తెలియదు. మగ్గు అడుగు చెంపకి ఆనించండి, చల్లగా తగిలితే లోపల ఇంకా నీళ్ళున్నాయి, ఆవిరవుతున్నాయి కాబట్టే ఆ చలువ. గది వేడికి సమానంగా తగిలితే కిల్న్‌లో పెట్టండి. గాలి బుడగ ఉంటే కుండ పేలుతుందని అందరూ అంటారు గానీ పేల్చేది ఆవిరి, నీళ్ళు ఆవిరైతే 1600 రెట్లకి పైగా వ్యాకోచిస్తాయి, మందపాటి మట్టిలోంచి అది బయటపడే దారి దొరక్కపోతే గోడని చీల్చుకునే వస్తుంది.

కాబట్టి మొదట 80, 90 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆపండి, మందపాటివుంటే రాత్రంతా. తర్వాత గంటకి 60 డిగ్రీల చొప్పున 250 దాకా, 100 చొప్పున 600 దాకా పోండి. 450 నుంచి 600 మధ్య మట్టి తన నిర్మాణంలో కలిసున్న నీళ్ళని వదులుతుంది, 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (సిలికా స్ఫటికం) ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది, రెండుసార్లూ అక్కడ పరుగెత్తించకూడదు. 900 దాకా మట్టిలోని సేంద్రియ పదార్థం, గంధకం కాలిపోతుంటాయి కాబట్టి గాలి బయటికి పోయే రంధ్రం తెరిచే ఉంచండి, అవి సగంలో మిగిలిపోతే తర్వాత గ్లేజ్‌లో సూది చిల్లులుగా బయటికొస్తాయి. 1000 నుంచి 1060 మధ్య ఎక్కడో ఆపేయండి.

7. గ్లేజ్

గ్లేజ్ అంటే గాజు చేసే సిలికా, అది కారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, తొందరగా కరిగించే ఫ్లక్స్, ఈ మూడూ. బకెట్లో కలిపాక 80 మెష్ (అంగుళానికి 80 రంధ్రాల) జల్లెడలో రెండుసార్లు వడకట్టండి. చిక్కదనం కంటితో చూసి వేయొద్దు, 100 మి.లీ. కొలిచి తూయండి. చాలా గ్లేజ్‌లు ముంచడానికి 140 నుంచి 150 గ్రాముల మధ్య బాగుంటాయి, ఏ గ్లేజ్‌కి ఏ నంబర్ దగ్గర బాగా వచ్చిందో బకెట్ మీదే రాసిపెట్టండి, వచ్చే నెల మళ్ళీ అదే నంబర్‌కి తెస్తే అదే రంగు వస్తుంది.

బిస్క్ మగ్గులని తడి స్పాంజ్‌తో తుడవండి, దుమ్ము గానీ చేతి జిడ్డు గానీ ఉంటే ఆ చోట గ్లేజ్ ముడుచుకుని మట్టి బయటపడుతుంది. ముందు లోపల పోసి, తిప్పి, ఒంపేయండి. బయట ముంచేముందు కాసేపు ఆరనివ్వాలి, ఎందుకంటే పల్చటి గోడ ఒకవైపు నుంచే నీళ్ళు తాగేస్తే రెండోవైపు గ్లేజ్ పట్టదు. మూడు సెకన్లు ముంచి తీయండి. అడుగు నుంచి 3 మిల్లీమీటర్లు శుభ్రంగా తుడిచేయండి, కారే స్వభావం ఉన్న గ్లేజ్ అయితే ఇంకా ఎక్కువ.

8. రెండో ఫైరింగ్

షెల్ఫుల మీద అల్యూమినా హైడ్రేట్, కయోలిన్ సమానంగా కలిపిన పూత వేయండి, గ్లేజ్ కారినా షెల్ఫ్ బతుకుతుంది. షెల్ఫ్‌కి మూడు స్తంభాలే పెట్టండి, నాలుగు పెడితే ఊగుతుంది. మగ్గుకి మగ్గుకి మధ్య చిటికెనవేలు దూరేంత సందు చాలు.

ఇక కోన్‌లు, అంటే ఒక్కో నంబర్‌ది ఒక్కో వేడికి మెత్తబడి వంగేలా చేసిన చిన్న పిరమిడ్ ముక్కలు. 1886లో జర్మనీలో హెర్మన్ సేగర్ వీటిని తయారుచేశాడు, 1896 నుంచి అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ చేశాడు, డిజిటల్ కంట్రోలర్లు వచ్చాక కూడా నేను వీటిని వదల్లేదు, మీరూ వదలొద్దు. కంట్రోలర్ ఆ క్షణంలో వేడి ఎంతో చెప్తుంది, కోన్ మాత్రం ఎంత వేడి ఎంతసేపు తగిలిందో మొత్తం కలిపి చెప్తుంది, గ్లేజ్ కరిగేది కూడా ఆ రెండూ కలిస్తేనే. 5, 6, 7 మూడు కోన్‌లు వరసగా పై షెల్ఫ్‌లో, మధ్యలో, కింద పెట్టండి. 5 పడిపోయి, 6 వంగి, 7 నిలబడి ఉంటే సరిగ్గా కాలింది. ఏ షెల్ఫ్ చల్లగా ఉంటోందో కూడా దీంతోనే తెలుస్తుంది. కోన్ 06కి, కోన్ 6కి తేడా మర్చిపోవద్దు, మొదటిది దాదాపు 1000 డిగ్రీలు, రెండోది 1220 పైన. తక్కువ వేడి మట్టిని పొరపాటున 6కి పెడితే షెల్ఫులతో పాటు కరిగి ముద్దవుతుంది.

1100 దాకా గంటకి 150 పోనివ్వండి, అక్కణ్ణుంచి 60, 80 మధ్య నెమ్మదిగా. పైన పది పదిహేను నిమిషాలు ఆపితే బుడగలు మానతాయి, అయితే ఆ ఆపడం వల్ల కోన్ ఇంకా వంగుతుంది కాబట్టి పై టెంపరేచర్ కొన్ని డిగ్రీలు తగ్గించుకోవాలి. గ్యాస్ కిల్న్‌లో గాలి తగ్గించి కాల్చేవాళ్ళు కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా మొదలుపెట్టొద్దు.

9. తెరిచాక

100 డిగ్రీల కిందికి వచ్చేదాకా మూత ముట్టుకోవద్దు. తీసిన ప్రతి మగ్గునీ వేళ్ళ కొసల మీద నిలబెట్టి గోటితో తట్టండి, గంటలా మోగితే సరే, మొద్దుగా మోగితే ఎక్కడో వెంట్రుక పగులుంది, వెతకండి. అడుగుని సన్నటి సాన కాగితంతో తడిపి రుద్దండి, పొడిగా రుద్దితే మళ్ళీ దుమ్ము.

బ్యాచ్‌లోంచి రెండింటిని పరీక్షకి పక్కన పెట్టేయండి. ఒకదాన్ని ఫ్రీజర్‌లో పెట్టి బాగా చల్లబడ్డాక సింక్‌లో మరిగే నీళ్ళు పోయండి, ఇలా కొన్నిసార్లు, చేతులకీ కళ్ళకీ రక్షణ పెట్టుకుని. తర్వాత ఇంకు రాసి తుడిస్తే సన్నటి గీతల వల కనపడితే గ్లేజ్ మట్టికన్నా ఎక్కువ కుదించుకుంటోందని, రెసిపీలో సిలికా కొంచెం పెంచి చూడాలి. అంచు మీద గ్లేజ్ పొలుసులుగా లేస్తుంటే అది వ్యతిరేక జబ్బు, గ్లేజ్ మరీ తక్కువ కుదించుకుంటోంది, అలాంటి మగ్గు ఎవరికీ ఇవ్వొద్దు, గాజు పొలుసు నోట్లోకి పోతుంది.

రెండోదాంట్లో సగం దాకా వెనిగర్ పోసి మూడు రోజులు ఉంచండి. రంగు గానీ మెరుపు గానీ మారితే ఆ గ్లేజ్ పుల్లటివాటికి తట్టుకోదు, లోపలివైపు వాడకండి. మారకపోయినా రాగి, మాంగనీస్, బేరియం, క్రోమియం లాంటివి ఉన్న గ్లేజ్‌ని ల్యాబ్‌లో చూపించాకే తాగే పాత్రలో వేయాలి. సీసం, కాడ్మియం అసలు స్టూడియోలోకే రానివ్వొద్దు.

చివర్న నోట్‌బుక్: ఏ మట్టి, ముద్ద బరువు, ఎన్ని రోజులు ఆరింది, గ్లేజ్ 100 మి.లీ. బరువు, ప్రతి షెల్ఫ్‌లో కోన్‌లు ఎలా వంగాయి, 22లో ఎన్ని నిలబడ్డాయి, పోయినవి ఏ దశలో పోయాయి. ధర వేసేటప్పుడు కూడా పోయినవాటి మట్టి, కరెంటు, మీ గంటలు నిలబడ్డ మగ్గుల మీదే పంచుకోవాలి. పచ్చిగా ఉన్నప్పుడే పోయినవాటిని విడిగా తుక్కు బకెట్లో వేసి పూర్తిగా ఎండనిచ్చి, అప్పుడు నీళ్ళు పోయండి, ఎండినది ఒక్క పూటలో నాని కరిగిపోతుంది, సగం తడిది రోజుల తరబడి గడ్డగానే ఉంటుంది.